మానుకోటకు బాకీపడిన లా కాలేజీ

2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు ఒకసారి తీసి చూడండి. ఖమ్మం జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని అందులో ఉంది. తెలంగాణలో రైలు కోచ్ ఫ్యాక్టరీ సాధ్యమో కాదో రైల్వే శాఖ ఆరు నెలల్లో పరిశీలించాలని ఉంది. గిరిజన విశ్వవిద్యాలయం పెట్టాలని కూడా ఉంది. ఉక్కు ఆశకు ఆధారమైన బయ్యారం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల విభజనతో ఖమ్మం నుంచి మహబూబాబాద్ (మానుకోట) జిల్లాలోకి వచ్చింది. కర్మాగారం మాత్రం కాగితం దాటలేదు. కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగేసరికి 2023 జులై వచ్చింది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి పార్లమెంటు ఆమోదం దొరికేసరికి 2023 డిసెంబరు వచ్చింది. పరిశీలన అన్న మాట వింటే ఈ ప్రాంత ప్రజలకు గుండె జారిపోతుందంటే తప్పు వాళ్లది కాదు.

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో ప్రభుత్వ లా కాలేజీ ఒక్కటీ లేదు. ఈ లోటు తీర్చాలన్న మాటను కూడా అధ్యయనం పేరుతో అదే అటక మీదికి ఎక్కించడానికి వీల్లేదు. అధ్యయనమే వద్దని మేము అనడం లేదు. ఏం అధ్యయనం చేస్తారన్నదే మా ప్రశ్న. ఎంతమంది ఇంటర్ పాసయ్యారు, లాసెట్‌కు ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎన్ని ఎకరాల స్థలం దొరుకుతుంది, ఎన్నేళ్లకు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది... ఇవి సీట్లు అమ్ముకునే యాజమాన్యం అడగాల్సిన లెక్కలు. ప్రభుత్వం అడగాల్సింది వేరు. వకీలు దొరక్క, దొరికినా సమయానికి దొరక్క, ఏ చట్టం ఏం చెబుతోందో తెలియక ఇక్కడ ఎంత భూమి పోయింది? ఎన్ని అప్పీళ్లు గడువు దాటిపోయాయి? ఈ లెక్క తీయడానికి కొత్త కమిటీ అక్కర్లేదు. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ దగ్గర, కలెక్టరేట్లలో, జిల్లా కోర్టుల్లో ఫైళ్లున్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం మహబూబాబాద్ జిల్లాలో దాదాపు 7.74 లక్షల మంది ఉంటే అందులో సుమారు 38 శాతం గిరిజనులు. లోక్‌సభ స్థానం గిరిజనులకే రిజర్వు. మహబూబాబాద్, డోర్నకల్, పక్కనున్న ములుగు అసెంబ్లీ స్థానాలూ అంతే. కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం, గార్ల మండలాల్లో ఏజెన్సీ గ్రామాలున్నాయి. దేశంలో మరే మామూలు పల్లెకూ లేనన్ని ప్రత్యేక చట్టాలు ఆ గ్రామాల మీద పనిచేస్తుంటాయి. 1959 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన, దాన్ని పదునుపెట్టిన 1970 సవరణ, ఏజెన్సీ గ్రామసభలకు అధికారమిచ్చిన 1996 నాటి పెసా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం. ఇన్ని చట్టాల నీడలో బతికే మనిషికి వాటిని చదివి చెప్పే మనిషి తన భాషలో, తన మండలంలో దొరకడం లేదు. మేము నేరం అంటున్నది దీన్నే.

జనం నోట "వన్ ఆఫ్ సెవెంటీ"గా నలిగే ఆ భూబదలాయింపు చట్టం సంగతే చూద్దాం. ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనేతరులకు ఎవరు బదలాయించినా చెల్లదని, అక్కడ గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందేనని, కాదనేవాళ్లే రుజువు చూపాలని అది చెబుతుంది. 1988లో పి.రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. 1997 సమతా తీర్పుతో దాని బలం దేశమంతటికీ తెలిసింది. రుజువు భారం అవతలి పక్షం మీద పెట్టిన ఇంత గట్టి చట్టం చేతిలో ఉండి కూడా గిరిజనుడు భూమి ఎలా పోగొట్టుకుంటాడు? ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు ముందు విచారణకు అవతలి పక్షం వకీలును వెంటబెట్టుకుని వస్తుంది. పాత దస్తావేజులు, పన్ను రసీదులు, 1970కి ముందే కొన్నామన్న కాగితాలు తెస్తుంది. ఆ కాగితం నిజమైనదేనా, ఆ సర్వే నంబరు ఆ భూమిదేనా, 1959 నిబంధన తెలంగాణ ఏజెన్సీకి వర్తించిన 1963కు ముందుదా తర్వాతదా అని నిలదీసేవాళ్లు ఇవతల ఉండరు. కింద గెలిచినా పైన స్టే వస్తుంది. స్టే తొలగించమని హైకోర్టులో అర్జీ వేయాలంటే హైదరాబాద్ వెళ్లాలి, ఫీజు కట్టాలి, ఇంగ్లిషులో అఫిడవిట్ మీద సంతకం పెట్టాలి. గెలిచిన భూమిలో అవతలివాళ్లే పంట కోసుకుంటుంటే గెలిచినవాడు గట్టు మీద నిలబడి చూస్తుంటాడు. ఈ సంగతులు ప్రభుత్వానికి తెలియనివి కావు. 2005లో గిర్‌గ్లానీ నివేదిక తెలంగాణ గిరిజన భూముల మీదే వచ్చింది. 2006లో కోనేరు రంగారావు కమిటీ భూమి సమస్యల మీద 104 సిఫార్సులు చేసింది. చదివినవాళ్లకు కొదవ లేదు. చదివినదాన్ని గూడెం దాకా మోసుకెళ్లే చదువుకున్న బలగం లేదు.

అడవిలో సాగుచేసుకునే పోడు భూముల దగ్గరికి రండి. 2023 జూన్ 30 నుంచి రాష్ట్ర ప్రభుత్వం లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలు పంచింది. దక్కినవాళ్లకు అది బతుకు. దక్కనివాళ్ల సంగతేమిటి? అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ, సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ అని మూడు మెట్లున్నాయి. ఒక మెట్టు దగ్గర కాదంటే పై మెట్టుకు 60 రోజుల్లో వెళ్లవచ్చు. తిరస్కరిస్తే కారణం రాసి, ఆ మనిషికి స్వయంగా తెలియజేయాలని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఆచరణలో జరిగేది మరొకటి. పోడు రైతు దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో నాలుగుగా మడిచిన దరఖాస్తు జిరాక్సు, ఆధార్ కార్డు, ఎప్పుడో అటవీ శాఖ కట్టించుకున్న జరిమానా రసీదు, మరకలు పడ్డ రేషన్ కార్డు. ఆ జరిమానా రసీదే అతనికి అన్నింటికంటే పెద్ద సాక్ష్యం. 2005 డిసెంబరు 13కు ముందు తేదీ దాని మీద ఉంటే, ఆ రోజుకే ఆ చెలకలో అతను సాగు చేస్తున్నాడని సర్కారే రాసిచ్చినట్టు. అతనికి మాత్రం అది తనకు పడ్డ శిక్ష కాగితం. సిగ్గుతో అడుగున దాచుకుంటాడు. కమిటీ ముందు తీసి చూపమని చెప్పేవాళ్లు లేరు. అరవై రోజులు గడిచాక ఏ సర్పంచో, ఏ ఫారెస్టు బీటు ఆఫీసరో నోటిమాటగా చెబుతాడు, పేరు రాలేదని.

2019 ఫిబ్రవరి 13న తిరస్కరణకు గురైన హక్కుదారులను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెల 28న ఆ ఆదేశాన్ని తానే నిలిపివేసింది. ఆ రెండు వారాలు గూడేలు ఎలా గడిపాయో ఢిల్లీకి తెలియదు. ఆ తిరస్కరణల్లో ఎన్ని నిబంధనల ప్రకారం జరిగాయో ఊరూరా తిరిగి పరిశీలించాల్సిన అవసరం అప్పుడే తేలింది. ఆ పని మొక్కుబడిగా సాగడానికి ఒక కారణం మనుషులు లేకపోవడం. నాలుగో ఏడాది, ఐదో ఏడాది చదివే యాభై మంది లా విద్యార్థులు మానుకోటలో ఉంటే, ఒక్కో గూడెంలో వారం రోజులుండి ఒక్కో ఫైలు చదివి అప్పీలు రాయగలరు. అలా రాస్తే అది వాళ్ల చదువులో భాగమే. ప్రతి లా కాలేజీలో న్యాయసహాయ కేంద్రం ఉండాలని, విద్యార్థులు అందులో పనిచేయాలని బార్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి.

జనగామ వైపు ఏజెన్సీ లేదు గదా, అక్కడ ఈ గోడు ఎందుకన్న మాట రావచ్చు. కానీ తెలంగాణ భూపోరాటం పుట్టిందే అక్కడ. దేవరుప్పుల మండలం కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. ఆంధ్ర మహాసభ సంఘం ఆమె వెనక నిలిచింది, గుత్పలు లేచాయి, పంట ఇంటికి చేరింది. ఆ పోరాటానికి కోర్టు ముఖం కూడా ఉంది. ఐలమ్మ పక్షాన వాదించిన వకీలుగా కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు నేటికీ చెప్పుకుంటారు. సంఘం బలం పొలంలో పనిచేసింది, వకీలు బలం కోర్టులో పనిచేసింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించడం సముచితమే. కానీ ఐలమ్మ ఊరి ఆడపిల్ల ఈనాడు వకీలు కావాలంటే హనుమకొండకో హైదరాబాద్‌కో పోవాలి.

భూమి తగాదా అప్పటితో తీరలేదు. 2020లో వచ్చిన చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసి, ధరణి భూరికార్డుల్లో తప్పు పడ్డ రైతును సివిల్ కోర్టు మెట్ల మీద కూర్చోబెట్టింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం ఆర్డీవో, కలెక్టరు, ట్రిబ్యునల్ అంటూ అప్పీలు దారులను మళ్లీ తెరిచింది. రాష్ట్రవ్యాప్తంగా తొమ్మిది లక్షలకు పైగా సాదాబైనామా దరఖాస్తులు పరిష్కారానికి ఎదురుచూస్తూ వచ్చాయి. తెల్లకాగితం మీద వేలిముద్రతో కొన్న భూమిని రుజువు చేసుకోవడం ఎలాగో తెలిసినవాడు ఎన్ని ఊళ్లలో ఉన్నాడు? అప్పీలుకు దారి తెరిస్తే సరిపోదు, ఆ దారిలో నడిపించే మనిషి కావాలి. లేకపోతే మీసేవ దగ్గర బ్రోకరే వకీలవుతాడు. ఇప్పుడు అవుతున్నాడు కూడా.

భూపాలపల్లిది ఇంకో తీరు. అక్కడ సింగరేణి ఉంది, ఓపెన్‌కాస్టులున్నాయి, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉంది, మహదేవపూర్ మండలంలో 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగిన మేడిగడ్డ బ్యారేజీ ఉంది. భూమి ఇచ్చినవాళ్లు, ఇల్లు ఇచ్చినవాళ్లు, బ్యాక్‌వాటర్‌లో పంట మునిగినవాళ్లు ఉన్నారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం అవార్డు ప్రకటించినప్పుడు అక్కడే ఉన్న రైతుకు పరిహారం చాలదని అభ్యంతరం చెప్పడానికి ఆరు వారాల గడువుంటుంది. ఆరు వారాల్లో అవార్డు ప్రతి సంపాదించి, పక్క ఊళ్లో రిజిస్ట్రేషన్ ధరలు తీసి, చెట్లూ బావీ విలువ లెక్కగట్టి, అర్జీ రాయాలి. పలిమెల అడవిలో ఉన్న కుటుంబానికి ఇదంతా ఎవరు చేసిపెడతారు? డబ్బు చేతికి అందిందే చాలని సంతకం పెట్టినవాడు తర్వాత పదేళ్లు కుమిలిపోతాడు.

ఇన్ని జరుగుతుంటే ప్రభుత్వం ఏం చేసింది? కొంత చేసింది. 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులను ప్రారంభించారు. అంతకుముందు పాత వరంగల్ జిల్లా మొత్తానికి ఒకటే జిల్లా కోర్టు. ఇప్పుడు మానుకోటకు, జనగామకు, భూపాలపల్లికి, ములుగుకు జడ్జిలొచ్చారు, బోర్డులొచ్చాయి. న్యాయం ఇంటి దగ్గరికి వచ్చిందని ఉపన్యాసాలిచ్చారు. కోర్టు ఇంటి దగ్గరికి వచ్చిన మాట నిజం. ఆ కోర్టులో నిలబడి కోయవాళ్ల తరఫున, లంబాడాల తరఫున వాదించే మనిషిని తయారుచేసే పని మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ఎస్సీ ఎస్టీలందరికీ, ఆడవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇచ్చింది. ఇవ్వడమంటే ప్యానెల్లో పేర్లు రాసి ఊరుకోవడం కాదు. సాక్షి కోయలో చెప్పిన మాటకు తెలుగులో అర్థం తెలియని వకీలు ఎంత మంచివాడైనా ఆ సాక్ష్యం సగం చచ్చిపోతుంది.

అదే ప్రభుత్వం వైద్యం విషయంలో ఇంకో దారి పట్టింది. జిల్లాకో మెడికల్ కాలేజీ అని నిర్ణయం తీసుకుంది. 2022 నవంబరు 15న మహబూబాబాద్‌లో, 2023 సెప్టెంబరు 15న జనగామలో, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. తాత్కాలిక భవనాలున్నాయి, అధ్యాపకుల కొరత ఉంది, జాతీయ వైద్య కమిషన్ నోటీసులు వచ్చాయి. అయినా తండా పిల్ల డాక్టరు కోర్సులో చేరడానికి మానుకోటలోనే చోటు దొరికింది. మెడికల్ కాలేజీకి ఆసుపత్రి కావాలి, వందల పడకలు కావాలి, వందల కోట్లు కావాలి. లా కాలేజీకి కావాల్సింది తరగతి గదులు, మంచి గ్రంథాలయం, హాస్టలు, పాఠం చెప్పేవాళ్లు. అంత ఖర్చుతో మెడికల్ కాలేజీలు పెట్టగలిగిన సర్కారు ఇంత తక్కువ ఖర్చుతో లా కాలేజీ పెట్టలేకపోయిందంటే డబ్బు కారణం కాదు. మనిషికి జ్వరం వస్తే సర్కారు బాధ్యత, భూమి పోతే వాడి ఖర్మ అన్న ఆలోచన మన పాలనలో పాతుకుపోయింది.

గిరిజన సంక్షేమ గురుకుల సొసైటీ గిరిజనుల కోసం లా కాలేజీ పెట్టింది, ఒప్పుకుంటాం. ఎక్కడ పెట్టింది? సంగారెడ్డిలో. ఏజెన్సీ లేని చోట, హైదరాబాద్ దాటి ఇంకా పడమట. గంగారం మండలం కుర్రాడు అక్కడికి పోయి చదవవచ్చు, చదువుతున్నవాళ్లకు మా అభినందనలు. కానీ అతను చదువుకునే ఐదేళ్లలో చూసే కోర్టు ఏది? తీరిక రోజున కూర్చుని చూసే విచారణ ఏది? చదువయ్యాక ఎవరి చాంబర్‌లో జూనియర్‌గా చేరతాడు? నగరం పక్క చదివినవాడు నగరంలోనే ఉండిపోతే తప్పు అతనిది కాదు. తన ఊరి కేసులు చూస్తూ చదివినవాడు ఆ కేసుల దగ్గరే ఆగే అవకాశం ఎక్కువ. కాలేజీ ఎక్కడ పెడతామన్న దాన్ని బట్టే వకీలు ఎక్కడ దొరుకుతాడన్నది తేలుతుంది.

కాకతీయ విశ్వవిద్యాలయం కూడా జవాబు చెప్పాలి. 1976లో పుట్టిన ఆ సంస్థ పేరు చెప్పి ఉత్తర తెలంగాణలో మూడు తరాలు చదువుకున్నాయి. లెక్కల పాఠం చెబుతూ, పల్లెల్లో తిరుగుతూ, తర్వాత లా చదివి హైకోర్టులో పేదల పక్షాన, గిరిజనుల పక్షాన నిలబడ్డ కె.బాలగోపాల్ అక్కడ పనిచేసినవాడే. 2009 అక్టోబరులో ఆయన పోయినప్పుడు ఏజెన్సీ గ్రామాల్లో ఎందరు ఏడ్చారో తెలిసినవాళ్లకు తెలుసు. అంతటి మనిషి తిరిగిన నేల మీద, అర్ధ శతాబ్దం తర్వాత కూడా ఆ విశ్వవిద్యాలయం ప్రభుత్వ న్యాయవిద్య హనుమకొండ సుబేదారిలోని ఒక్క కాలేజీ దగ్గరే ఉంది. డిగ్రీ కాలేజీలకు ఊరూరా అఫిలియేషన్లు ఇచ్చిన సంస్థ తూర్పున అడవి అంచుకు న్యాయవిద్యను ఎందుకు తీసుకెళ్లలేదు? పోస్టులు భర్తీ చేయని ప్రభుత్వాల తప్పు ఇందులో చాలా ఉంది. అడగని విశ్వవిద్యాలయం తప్పూ ఉంది.

వరంగల్ దగ్గరే గదా అన్న వాదన ఒకటి వినబడుతుంటుంది. మానుకోట నుంచి రైలుంది, జనగామ నుంచి రైలుంది, నిజమే. కాటారం, మహదేవపూర్, పలిమెలలకు రైలు లేదు. భూపాలపల్లికే లేదు. కొత్తగూడ నుంచి మానుకోటకు రావడమే సగం రోజు పని. రోజూ వరంగల్ వెళ్లి రావడమన్నది మగపిల్లవాడికైనా కష్టం. ఆడపిల్లను హాస్టల్లో ఉంచి ఐదేళ్లు లా చదివించే ధైర్యం తండాలో ఎన్ని ఇళ్లకు ఉంటుంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్న రోజుల్లో ఆ ధైర్యం ఇంకా తగ్గుతుంది.

ఇంకో వాదన బరువైనది. దేశంలో లా కాలేజీలు ఇప్పటికే ఎక్కువయ్యాయని, హాజరు లేకుండా పట్టాలిచ్చేవి పుట్టగొడుగుల్లా మొలిచాయని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాయే ఒప్పుకుంది. 2025 ఆగస్టులో కొత్త లా కాలేజీలపై మూడేళ్ల నిషేధం పెట్టింది. మేము దాన్ని తప్పుపట్టం. క్లాసుకు రాకుండా పరీక్ష రాసి నల్లకోటు తొడిగినవాడి చేతిలో పేదవాడి కేసు ఏమవుతుందో అందరికీ తెలుసు. కానీ ఆ నిషేధంలోనే మినహాయింపులున్నాయి. మారుమూల, గిరిజన ప్రాంతాల్లో, ప్రభుత్వం గుర్తించిన ఆకాంక్ష జిల్లాల్లో, ఎస్సీ ఎస్టీలు, వెనకబడిన వర్గాల చదువు కోసం వచ్చే ప్రతిపాదనలను పరిశీలించవచ్చని అందులోనే రాశారు. నీతి ఆయోగ్ ఆకాంక్ష జిల్లాల జాబితాలో తెలంగాణ నుంచి ఉన్న మూడింటిలో జయశంకర్ భూపాలపల్లి ఒకటి. మహబూబాబాద్‌లో ఏజెన్సీ గ్రామాలున్నాయి. అందరికీ మూసిన తలుపును ఈ జిల్లాలకు మాత్రం తీసే ఉంచారు. ఇంతకంటే అనువైన సమయం ప్రభుత్వానికి దొరకదు. ఇప్పుడు కూడా దరఖాస్తు వెళ్లకపోతే, అడ్డుపడింది ఢిల్లీ అని చెప్పుకునే వీలు కూడా ఉండదు.

ప్రపంచంలో ఇది చేసి చూసినవాళ్లున్నారు. కెనడాలో ఓంటారియో ఉత్తర ప్రాంతం అడవులు, గనులు, మూలవాసుల ఊళ్లతో నిండిన సీమ. వకీళ్లు దక్షిణాన టొరంటో వైపే ఉండిపోయేవాళ్లు. 2013లో థండర్ బే పట్టణంలో లేక్‌హెడ్ విశ్వవిద్యాలయం లా స్కూల్ తెరిచింది. ఆ రాష్ట్రంలో 44 ఏళ్ల తర్వాత వచ్చిన కొత్త లా స్కూల్ అది. మూలవాసుల చట్టాలు, సహజ వనరుల చట్టాలు, చిన్న పట్టణంలో ఒంటరిగా ప్రాక్టీసు నడుపుకునే విద్య... ఈ మూడింటినీ చదువుకు వెన్నెముక చేసుకుంది. చదువులోనే శిక్షణ కలిపేసి, పట్టా తర్వాత మళ్లీ ఎవరి దగ్గరో ఊడిగం చేసే అవసరం తప్పించింది. అంతా సాఫీగా సాగలేదు. దాని డీన్‌గా వచ్చిన మూలవాసి మహిళ ఏంజెలిక్ ఈగల్‌ఉమన్ వ్యవస్థలోనే వివక్ష ఉందంటూ 2018లో రాజీనామా చేశారు. కాలేజీని అడవి పక్కన కట్టి, దాని మీద పెత్తనం నగరం చేతిలో ఉంచితే ఏమవుతుందో ఆ సంగతి చెబుతోంది.

అందుకే మానుకోటలో పేరుకు ఒక లా కాలేజీ పెట్టి, ఇద్దరు గెస్టు లెక్చరర్లను వేసి, రిబ్బను కత్తిరిస్తే మేము చప్పట్లు కొట్టం. కాంట్రాక్టు ఉద్యోగం మీద నెల నెలా జీతం కోసం ఎదురుచూసే మనిషి భూబదలాయింపు నిబంధన మీద ఏళ్ల తరబడి పట్టు సంపాదించి పాఠం చెప్పలేడు. శాశ్వత పోస్టులు ముందు మంజూరు కావాలి. భూచట్టాలు, అటవీ హక్కులు, పెసా, గనులు, భూసేకరణ ఐచ్ఛిక సబ్జెక్టులుగా చివరి ఏడాదికి నెట్టేయకుండా, మొదటి ఏడాది నుంచే నడవాలి. ఐదేళ్ల కోర్సులో ఒక వేసవి ఏజెన్సీ మండలంలో, ఒక వేసవి భూపాలపల్లి నిర్వాసిత గ్రామాల్లో గడపాలి. కోయ, లంబాడీ మాట్లాడే విద్యార్థులు తమ భాషలో సాక్షిని విచారించే మూట్ కోర్టు పెట్టడానికి ఏ నిబంధనా అడ్డు రాదు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక భూవివాదంలో తెలుగులో తీర్పు రాసింది. హైకోర్టే తెలుగు రాయగలిగినప్పుడు, గూడెం భాషను లా కాలేజీ గుమ్మం బయట నిలబెట్టడం న్యాయం కాదు.

ఒక చిక్కు గురించి దాచకుండా మాట్లాడాలి. 1976 సవరణతో ఎస్టీ జాబితాలోకి వచ్చిన లంబాడాలకూ, ఆదివాసులకూ మధ్య ఈ ప్రాంతంలో లోతైన తగాదా ఉంది. ఆ జాబితా మీద పిటిషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాలేజీ ఎవరిది, సీట్లు ఎవరికన్న గొడవ రేపు ఇక్కడా లేస్తుంది. అది భయపడి ఆగిపోవాల్సిన కారణం కాదు. ఏజెన్సీ గ్రామాల పిల్లలకు సీట్లలో చట్టం ఒప్పుకునే మేరకు వాటా ఎలా పెట్టాలో ముందే తేల్చుకోవాలి. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. వందకు వంద శాతం రిజర్వేషన్ నిలబడదని చెప్పి, రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఐదు లక్షల రూపాయల ఖర్చులు కూడా వేసింది. ఇరవై ఏళ్ల పాటు వేల కుటుంబాలు ఆధారపడ్డ ఒక జీవో అలా కూలిపోయింది. జీవో రాసేటప్పుడే దాన్ని కోర్టులో నిలబెట్టేలా రాయగల మనిషి ఏజెన్సీ పక్షాన ఉండి ఉంటే ఆ కథ వేరుగా ఉండేదేమో. కాలేజీ ప్రవేశాల జీవోను కూడా అంత నిర్లక్ష్యంగా రాయకూడదు.

ఉమ్మడి రాష్ట్రంలో ఒక మంచి పని జరిగింది, దాన్ని ఇప్పుడెవరూ తలుచుకోవడం లేదు. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, మండలాల్లో ఊరి పిల్లలనే పారాలీగల్స్‌గా వేసింది. వాళ్లు పహాణీలు తీసి, సర్వే పటాలు చూసి, తహసీల్దారు దగ్గర పేదల పక్షాన కూర్చున్నారు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో భూచట్టాలు చదివి, బోధించినవాళ్లు ఆ పనికి దన్నుగా నిలిచారు. పట్టా లేని ఇంటర్, డిగ్రీ పిల్లలు కొద్దిపాటి శిక్షణతో అంత చేయగలిగారు. పథకం పోగానే ఆ మనుషులు చెల్లాచెదురయ్యారు. పథకానికి ఆయుష్షు బడ్జెట్ ఉన్నంత వరకే, కాలేజీ అలా పోదు. అప్పట్లో ఊరూరా తిరిగినవాళ్లలో ఇప్పటికీ ఇక్కడే ఉన్నవాళ్లను కొత్త కాలేజీ న్యాయసహాయ కేంద్రంలోకి తీసుకోవాలి. ఫీల్డు వాళ్లకు తెలిసినంతగా ప్రొఫెసర్లకు తెలియదు.

ఇప్పుడు జరగాల్సిన పనులు మూడు నాలుగే. మహబూబాబాద్ కేంద్రంగా, కాకతీయ విశ్వవిద్యాలయం సొంత కాలేజీగా, ఐదేళ్ల కోర్సుతో ప్రభుత్వ లా కాలేజీ మంజూరు చేస్తూ జీవో రావాలి. ఆ జీవోలోనే శాశ్వత పోస్టుల సంఖ్య ఉండాలి. ఆడపిల్లల హాస్టల్‌కు స్థలం, నిధులు అదే రోజు కేటాయించాలి. భూపాలపల్లిలో, జనగామలో జిల్లా కోర్టుల పక్కనే కాలేజీ న్యాయసహాయ కేంద్రాలు పెట్టడానికి హైకోర్టు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలతో మాట్లాడాలి. నిషేధంలోని మినహాయింపు కింద బార్ కౌన్సిల్‌కు దరఖాస్తు పంపాలి. అధ్యయనం కావాలంటే అది ఈ పనులతో పాటే నడవాలి, తొంభై రోజుల్లో ముగియాలి, ఐటీడీఏ ఫైళ్లలోని తిరస్కరణలు, గడువు దాటిన అప్పీళ్లు దాని మొదటి అధ్యాయం కావాలి, నివేదిక శాసనసభ ముందుకు రావాలి. కమిటీ కూర్చోవాల్సింది సచివాలయంలో కాదు, కొత్తగూడలో, గార్లలో, మహదేవపూర్‌లో. ఈ మూడు జిల్లాల ఎమ్మెల్యేలు, మహబూబాబాద్, వరంగల్, భువనగిరి ఎంపీలు పార్టీలు పక్కనపెట్టి ఒక్క లేఖ మీద సంతకాలు పెట్టి ముఖ్యమంత్రికి ఇవ్వాలి. ఆ లేఖ మీద ఎవరు సంతకం పెట్టారో, ఎవరు పెట్టలేదో ఈ పేజీలోనే పేర్లతో అచ్చువేస్తాం.